ఆ పట్టా చెల్లుతుందా?

ఇంట్లో కూర్చునే డిగ్రీ, చేతిలో ఫోనే కాలేజీ... వినడానికి ఎంత హాయిగా ఉందో! కానీ ఏళ్ల తరబడి చదివి సంపాదించిన ఆ పట్టాను ఉద్యోగానికో, ప్రమోషన్‌కో తీసుకెళ్లినప్పుడు 'ఇది చెల్లదండీ' అని పక్కన పెట్టేస్తే? చేరే ముందు ఒక్క అరగంట కూర్చుని చూసుకుంటే చాలావరకు తప్పిపోయే ముప్పు అది. ఆ అరగంటలో ఏం చూసుకోవాలో తెలియాలంటే, ఆ నిబంధనలు ఎందుకొచ్చాయో కూడా కాస్త తెలియాలి.

సాయంత్రం ఆరు దాటింది. కంకిపాడులో ఒక ఇల్లు అనుకుందాం. పాప హోంవర్కు రాసుకుంటోంది. వంటింట్లో కుక్కర్ రెండో కూత వేసింది. ఆ ఇంటి కోడలు డిగ్రీ అవగానే పెళ్లై వచ్చింది. పాప బడికి వెళ్లే వయసొచ్చింది కాబట్టి ఇక తనూ ఎంబీఏ చేద్దామనుకుంది. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర బస్సు దిగినప్పుడు చూసిన బోర్డు మీది నంబరుకు ఫోను చేసింది.

''మీరు ఎక్కడికీ రానక్కర్లేదు మేడమ్. పరీక్షల సంగతి కూడా మేమే చూసుకుంటాం. ఈ వారంలో కట్టేస్తే ఫీజులో సగం తగ్గిస్తాం. కావాలంటే పోయినేడాది అడ్మిషన్ కింద చూపిస్తాం, ఏడాదిలో పట్టా మీ చేతికొచ్చేస్తుంది'' అన్నాడు అవతలి మనిషి.

ఆశా పుట్టింది, అనుమానమూ పుట్టింది. పామర్రులో ఉండే బాబాయికి ఫోను చేసింది. ఆయన హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాడు.

''బాబాయ్, సగం ఫీజుకే ఇస్తానంటున్నాడు. కట్టేయమంటావా?''

''తొందరపడకమ్మాయ్. రేపు ఆదివారమేగా, నేనొస్తా. ఈలోగా అతణ్ని ఒక్కటి అడుగు. ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, ఏ సెషన్... ఈ మూడింటికీ యూజీసీ అనుమతి ఉన్న కాగితం పంపమను.''

పేర్లు మారుతుంటాయిగానీ ఇలాంటి ఫోను కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎన్నో ఇళ్ల నుంచి వెళుతూనే ఉంటుంది. షిఫ్టుల్లో పనిచేసే కుర్రాడు, ఇంటర్‌తో చదువు ఆపేసిన రైతు, సచివాలయంలో చిన్న ఉద్యోగంలో చేరి పై మెట్టు కోసం చూస్తున్న అమ్మాయి... వీళ్లందరికీ దూరవిద్యే దారి. ఆ దారి మంచిదే. కాకపోతే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పట్టా విలువ అది చేతికొచ్చిన రోజున తేలదు. చేరిన రోజునే తేలిపోతుంది!

పోస్టులో వచ్చిన పాఠాలు

దూరవిద్య అనగానే ఇదేదో నిన్నమొన్నటి ఫోన్ల కాలంలో పుట్టిందనుకుంటాం. కాదు. మన దేశంలో 1962లోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తరాల ద్వారా డిగ్రీ పాఠాలు మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ పద్ధతిని మన దగ్గరికి తెచ్చింది. పోస్ట్‌మ్యాన్ తెచ్చిచ్చిన పాఠాల కట్ట, సెలవుల్లో కొద్దిరోజుల తరగతులు, ఆపైన పరీక్షలు... బడిపంతుళ్లు, బ్యాంకు గుమస్తాలు ఎందరో అలాగే డిగ్రీలూ ఎమ్మేలూ పూర్తిచేశారు.

ఆ తర్వాతి అడుగు మాత్రం దేశమంతా మనవైపు చూసేలా చేసింది. 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. దేశంలో అదే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి వైస్ ఛాన్స్‌లర్ ఆచార్య జి.రామ్‌రెడ్డి. పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు లేకపోయినా సరే, అర్హత పరీక్ష నెగ్గితే డిగ్రీలో చేరవచ్చన్నది ఆ రోజుల్లో పెద్ద సంచలనం. 1985లో కేంద్రం ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని... అదే మనం ఇగ్నో అంటున్నదాన్ని పెట్టినప్పుడు, దానికీ తొలి వైస్ ఛాన్స్‌లర్ రామ్‌రెడ్డే. 1991లో రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు.

విజయవాడలో ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల ఆవరణలో ఆదివారం తరగతులకు వచ్చినవాళ్లను అడిగి చూడండి. అమ్మానాన్నల వయసువాళ్లు పిల్లల పక్కన కూర్చుని నోట్సు రాసుకున్న కబుర్లు చెబుతారు. ఇటు గుంటూరు దారిలో నాగార్జున విశ్వవిద్యాలయానికీ దూరవిద్యా కేంద్రం వచ్చింది. డెల్టా భాషలో చెప్పాలంటే, కాలవ చివర ఉన్న శివారు భూములకు నీరు అందడం లాంటిది ఈ చదువు. పైనున్నవాళ్లకు ఎప్పుడూ అందేదే, కిందివాళ్లకూ అందింది.

అయితే కాలవకు గండి కొట్టేవాళ్లు కూడా ఉంటారుగా!

ఒక గది, ఒక బోర్డు... ఓ విశ్వవిద్యాలయం

2002లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రైవేటు విశ్వవిద్యాలయాల కోసం ఒక చట్టం చేసింది. కొద్దికాలంలోనే అక్కడ వందకు పైగా విశ్వవిద్యాలయాలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి భవనాల్లేవు, ల్యాబుల్లేవు, అధ్యాపకులూ లేరు. పట్టాలిచ్చే అధికారం మాత్రం చేతిలో ఉంది. ప్రముఖ శాస్త్రవేత్త, యూజీసీ మాజీ ఛైర్మన్ ఆచార్య యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లను కొట్టేసింది. వాటి కింద పుట్టిన విశ్వవిద్యాలయాలు ఒక్క దెబ్బతో లేకుండా పోయాయి.

ఆ తీర్పులో మనకు పనికొచ్చే ముఖ్యమైన మాట ఇంకొకటుంది. ఒక రాష్ట్రం చేసిన చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం తన సరిహద్దు దాటి వేరే రాష్ట్రంలో శాఖలు తెరవకూడదు. అప్పటిదాకా ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయం పేరుతో మన వీధిలో స్టడీ సెంటర్ బోర్డు కనిపించడం మామూలే. రెండు గదులు అద్దెకు తీసుకుని, ఫ్రాంచైజీ రాయించుకుని, ఫీజులు వసూలు చేసినవాళ్లు ఎందరో. 2013లో యూజీసీ ఈ సరిహద్దు నిబంధనను మళ్లీ గట్టిగా గుర్తుచేసింది. ఫ్రాంచైజీ పద్ధతికి ఇప్పటి నిబంధనల్లో అసలు చోటే లేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక ఈ సరిహద్దు సంగతి మన ఇంటి గుమ్మంలోకి వచ్చింది. మనం మనదే అనుకున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం తెలంగాణలో ఉండిపోయింది. అందుకే దూరవిద్యలో చేరేటప్పుడు 'మా అన్నయ్య అక్కడే చదివాడు' అన్న మాట ఒక్కటే చాలదు. ఆ సంవత్సరం ప్రకటన ఏం చెబుతోందో చూసుకోవాల్సిందే.

పదహారేళ్ల తర్వాత పిడుగు

నిబంధన పట్టించుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2017 నవంబరు 3న వచ్చిన సుప్రీంకోర్టు తీర్పుకు మించిన ఉదాహరణ లేదు.

కథ మొదలైంది ఒడిశా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్‌లో. డిప్లొమాతో చేరిన ఇంజినీరు దూరవిద్యలో బీటెక్ చేసి ప్రమోషన్ అడిగితే, ఆ డిగ్రీ చెల్లుతుందా లేదా అన్న వివాదం వచ్చింది. అది పెరిగి పెరిగి ఢిల్లీ దాకా వెళ్లింది. దేశంలో నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు... రాజస్థాన్‌లో రెండు, ఉత్తరప్రదేశ్‌లో ఒకటి, తమిళనాడులో ఒకటి... 2001 నుంచి సాంకేతిక విద్యా మండలి అనుమతి లేకుండానే దూరవిద్యలో ఇంజినీరింగ్ చెప్పాయని తేలింది. అనుమతులు తర్వాతెప్పుడో వెనకటి తేదీల నుంచి వర్తించేలా తెచ్చుకున్నారు. అలా తెచ్చుకున్నవి చెల్లవంది కోర్టు.

ఫలితం? 2001 నుంచి 2005 వరకు చేరినవాళ్ల పట్టాలను తాత్కాలికంగా నిలిపేశారు. సాంకేతిక విద్యా మండలి పెట్టే ప్రత్యేక పరీక్ష నెగ్గితేనే అవి మళ్లీ బతుకుతాయి. ఆ తర్వాత చేరినవాళ్ల పట్టాలనైతే ఏకంగా రద్దు చేశారు. వాటితో తెచ్చుకున్న ఉద్యోగాలు, ప్రమోషన్లు కూడా వెనక్కి పోతాయన్నారు. 2018 జనవరిలో, పరీక్ష రాసేవాళ్లకు ఫలితాలు వచ్చేదాకా కొంత ఊరట ఇచ్చారు. అంతే!

ఒక్కసారి వాళ్ల స్థానంలో నిలబడి చూడండి. ముప్ఫై ఏళ్ల వయసులో చేరారు. పగలు డ్యూటీ, రాత్రి పుస్తకం. పట్టా వచ్చింది. ప్రమోషన్ వచ్చింది. ఆ జీతం చూసి ఇంటికి లోను తీసుకున్నారు. పిల్లల్ని పెద్ద కాలేజీలో వేశారు. నలభై అయిదేళ్లొచ్చాక 'మళ్లీ పరీక్ష రాయండి' అన్నారు. వాళ్లు దొంగ పట్టా కొన్నవాళ్లు కాదు. చదివారు, రాశారు, పాసయ్యారు. చేసిన పొరపాటల్లా ఒక్కటే. ఆ కోర్సు ఆ పద్ధతిలో చెప్పడానికి అనుమతి ఉందా అని చేరిన రోజున అడగలేదు. అడగాలని వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు.

అంతకుముందు 2009లోనూ ఇలాంటిదే ఒక తీర్పు వచ్చింది. మూడేళ్ల డిగ్రీ చదవకుండా నేరుగా సార్వత్రిక పద్ధతిలో ఎమ్మే పట్టా తెచ్చుకున్న తమిళనాడు అధికారి ఒకరి నియామకం సుప్రీంకోర్టులో నిలవలేదు. కింది మెట్టు లేకుండా పై మెట్టు ఎక్కితే అది మెట్టు కిందే లెక్క కాదన్నది దాని సారాంశం.

ఇప్పుడు రూలు ఏం చెబుతోంది?

ఒకప్పుడు దూరవిద్యకు ఇగ్నో ఆధ్వర్యంలో ఒక మండలి పెత్తనం చేసేది. 2013లో ఆ బాధ్యత యూజీసీకి వచ్చింది. అందులోని దూరవిద్యా బ్యూరోనే ఇప్పుడు అందరూ డెబ్ అంటున్నది. 2018లో ఆన్‌లైన్ కోర్సులకు విడిగా నిబంధనలు వచ్చాయి. 2020 సెప్టెంబరులో దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ కలిపి ఒకే నిబంధనావళి తెచ్చారు.

ఈ రెండూ ఒకటే అనుకుంటాంగానీ, కాదు. దూరవిద్యలో పుస్తకాలు ఇంటికొస్తాయి, దగ్గర్లోని అధ్యయన కేంద్రంలో కొన్ని తరగతులుంటాయి, పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. ఆన్‌లైన్‌లో పాఠమూ చర్చా అన్నీ ఇంటర్నెట్‌లోనే. పరీక్షకు మాత్రం నిఘా తప్పనిసరి. దూరవిద్యకు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సరిహద్దు గీత ఉంది. ఆన్‌లైన్‌కు ఆ గీత లేదు. వడ్డేశ్వరంలోని కేఎల్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ ఎంబీఏలో అసోంలో ఉన్నవాళ్లూ చేరవచ్చు. అక్కడి విశ్వవిద్యాలయానికి ఆన్‌లైన్ అనుమతి ఉంటే అవనిగడ్డలో ఉన్నవాళ్లూ చేరవచ్చు.

మరి ఎవరు పడితే వాళ్లు ఆన్‌లైన్ డిగ్రీ పెట్టేయవచ్చా? కుదరదు. 2020 నిబంధనల ప్రకారం దూరవిద్యకు సాధారణంగా న్యాక్ మదింపులో నాలుగుకు కనీసం 3.01 పాయింట్లుండాలి. ఆన్‌లైన్ డిగ్రీని ముందస్తు అనుమతి లేకుండా పెట్టాలంటే 3.26 ఉండాలి, లేదా జాతీయ ర్యాంకుల్లో మొదటి వందలో గత మూడేళ్లలో రెండుసార్లయినా చోటుండాలి. కాలేజీలో ఎంబీఏకు రెండేళ్లు పడితే ఇక్కడా రెండేళ్లే. 'ఏడాదిలో ఇప్పిస్తాం' అన్న మాట వినబడిందంటే ఫోను పెట్టేయడమే మంచిది.

కొన్ని చదువులకు ఈ దారి పూర్తిగా మూసేశారు. ఇంజినీరింగ్, వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం, వ్యవసాయం, ఉద్యానవనం, హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ ఇవ్వకూడదు. పీహెచ్‌డీ కూడా అంతే. 'ఆన్‌లైన్ పీహెచ్‌డీ' ప్రకటనల్ని నమ్మవద్దని 2022లో యూజీసీ, సాంకేతిక విద్యా మండలి కలిసి హెచ్చరించాయి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్, మైక్రోబయాలజీ వంటివీ ఈ నిషేధం జాబితాలో చేరాయి. నిన్నటిదాకా ఉన్న కోర్సు నేడు లేకపోవచ్చన్నమాట. అందుకే సెషన్ చూడమనేది!

ఇంత చదివాక 'అయితే ఆన్‌లైన్ డిగ్రీకి విలువే లేదా?' అనిపిస్తుంది. అలా అనుకోనక్కర్లేదు. అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం, అనుమతి ఉన్న కోర్సును, దూరవిద్యలో చదివినా ఆన్‌లైన్‌లో చదివినా, కాలేజీకి వెళ్లి తెచ్చుకున్న డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో యూజీసీ స్పష్టంగా చెప్పింది. ఆ సంవత్సరమే కాలేజీలో ఒక డిగ్రీ చదువుతూ ఆన్‌లైన్‌లో మరొకటి చదవడానికీ వీలు కల్పించింది.

వెయ్యి రూపాయల జరిమానా

ఇక పూర్తి నకిలీల సంగతి వేరు. విశ్వవిద్యాలయం కానిది ఆ పేరు పెట్టుకోకూడదని, పట్టాలివ్వకూడదని 1956 నాటి యూజీసీ చట్టమే చెప్పింది. అలాంటివాటి పేర్లను యూజీసీ ఎప్పటికప్పుడు బయటపెడుతుంటుంది. 2023లో ఇచ్చిన జాబితాలో మన రాష్ట్రం నుంచి రెండున్నాయి. ఒకదాని చిరునామా గుంటూరు, రెండోదానిది విశాఖపట్నం.

మరి పట్టుబడితే శిక్షేమిటి? 1956 చట్టంలో రాసుకున్న జరిమానా... గరిష్ఠంగా వెయ్యి రూపాయలు! మోసం కింద పోలీసు కేసు పెట్టడం వేరే సంగతి. కానీ ఈ చట్టం వరకు చూస్తే, విద్యార్థి పోగొట్టుకునే ఏళ్ల ముందు వెయ్యి రూపాయలు ఏపాటి? మనల్ని కాపాడే పెద్ద తాళం ప్రభుత్వం చేతిలో ఉన్నా, ముందుగా వేసుకోవాల్సిన గడియ మన చేతిలోనే ఉంది.

ఫోనులో వైద్యం నేర్చుకున్న పిల్లలు

అన్నీ సరిగ్గా చూసుకుని చేరినా, మధ్యలో చదువు పద్ధతి మారిపోతే? ఈ కష్టం మన డెల్టా ఇళ్లకు బాగా తెలుసు.

2020 మొదట్లో కరోనా వచ్చినప్పుడు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు ఇళ్లకొచ్చేశారు. తిరిగి వెళ్లడానికి చైనా వీసాలివ్వడం 2022 ఆగస్టులోగానీ మొదలుకాలేదు. రెండున్నరేళ్లు పడకగదే కాలేజీ అయింది. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదింటి క్లాసంటే ఇక్కడ తెల్లవారుజామున అయిదున్నర. అమ్మ కాఫీ పెట్టివ్వడం, కొడుకు ఫోనులో అనాటమీ వినడం! 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయ్యాక అక్కడి పిల్లలదీ ఇదే పరిస్థితి.

వీళ్లలో ఎవరూ దొడ్డిదారిన చేరలేదు. అయినా నిబంధన నిబంధనే. రోగి మంచం పక్కన నిలబడకుండా వైద్యం రాదన్నది జాతీయ వైద్య కమిషన్ మాట. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివిన వైద్యాన్ని గుర్తించేది లేదని 2022 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ పిల్లలకు దారి చూపే పథకం రెండు నెలల్లో తయారుచేయమని కమిషన్‌ను ఆదేశించింది. జులైలో పథకం వచ్చింది. చివరి సంవత్సరంలో తిరిగొచ్చి 2022 జూన్ 30లోగా పట్టా అందుకున్నవాళ్లు ఇక్కడి అర్హత పరీక్ష నెగ్గాక ఏడాదికి బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలి. మిగిలినవాళ్లకు 2023 మార్చిలో, ఎంబీబీఎస్ చివరి పరీక్షలు ఇక్కడే రాసేందుకు ఒకే ఒక్క అవకాశం ఇచ్చారు. ఆన్‌లైన్‌లో పోయిన తరగతుల్ని కాలేజీకి వెళ్లి నేరుగా పూర్తిచేసినట్టు చూపగలిగితే ఏడాది ఇంటర్న్‌షిప్ చాలని 2024 జూన్‌లో మరో వివరణ వచ్చింది. ఇన్ని మార్పులయ్యాక కూడా, శాశ్వత రిజిస్ట్రేషన్ కోసం 2025లో విదేశీ వైద్య పట్టభద్రులు విజయవాడలో రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇందులో ఎవరిది తప్పు? తల్లిదండ్రులు పొలం అమ్మి పంపించారు. పిల్లలు తెల్లవారుజామున లేచి చదివారు. కమిషన్‌ది రోగుల ప్రాణాల గురించిన భయం. ఎవరి బాధ వాళ్లది. కానీ ఏళ్లు కరిగిపోయింది మాత్రం పిల్లలవే. ఇకముందు విదేశాల్లో వైద్యం చదివించాలనుకునేవాళ్లు ఒక్కటి మనసులో పెట్టుకోవాలి. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఆపైన అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ కారణంతోనైనా తరగతులు ఆన్‌లైన్‌కు మారితే, తర్వాత వాటిని నేరుగా ఎప్పుడు, ఎన్ని రోజులు భర్తీ చేశారో కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని దాచుకోవాలి. ఆ కాగితమే రేపు అక్కరకొస్తుంది.

ఆ అరగంటలో చూసుకోవాల్సినవి

1. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైట్ తెరవండి. విశ్వవిద్యాలయం పేరు ఉంటే సరిపోదు. మీరు చేరాలనుకునే కోర్సు, మీరు చేరబోయే సెషన్ పక్కన కూడా అనుమతి ఉందో లేదో చూడండి.

2. అనుమతి దూరవిద్యకా, ఆన్‌లైన్‌కా? ఒకదానికి ఉన్నంత మాత్రాన రెండోదానికి ఉన్నట్టు కాదు.

3. వేరే రాష్ట్ర విశ్వవిద్యాలయం పేరుతో మన ఊళ్లో దూరవిద్య స్టడీ సెంటర్ ఉందంటే అనుమానించండి. ఇగ్నో సంగతి వేరు, దానికి దేశమంతా అనుమతి ఉంది.

4. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే కట్టండి. మధ్యవర్తి ఫోను నంబరుకు డబ్బు పంపవద్దు. రసీదు మీద విశ్వవిద్యాలయం పేరుండాలి.

5. 2024 సెప్టెంబరు సెషన్ నుంచి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సుల్లో చేరే విద్యార్థికి డెబ్ ఐడీ తప్పనిసరి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరుచుకుని, దాంతో ఈ ఐడీని ఎవరికి వారే తయారుచేసుకోవచ్చు. 'అదంతా మేం చేస్తాం, ఓటీపీ చెప్పండి' అంటే వద్దనండి.

6. 'పాత తేదీతో చేరుస్తాం', 'పరీక్ష మేం చూసుకుంటాం'... ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటి విన్నా అక్కడితో ఆపేయండి.

7. ప్రమోషన్ కోసం చదివేవాళ్లు ముందుగా తమ శాఖ నిబంధనల్ని చూసుకుని, ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేసి చేరడం మేలు.

8. అనుమతి చూపించిన పేజీని చేరిన రోజునే ప్రింటు తీసి తేదీ వేసి, రసీదుతోపాటు బీరువాలో పెట్టండి. పదేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

కంకిపాడులో ఆదివారం

మళ్లీ ఆ ఇంటికొద్దాం. బాబాయి పొద్దున్నే బస్సులో వచ్చాడు. టిఫిన్లయ్యాక ఇద్దరూ ఫోను ముందేసుకుని కూర్చున్నారు.

''కాగితం పంపించాడా అమ్మాయ్?''

''లేదు బాబాయ్. రెండుసార్లు అడిగాను. అవన్నీ మాకొదిలేయండి మేడమ్, ముందు ఫీజు కట్టండి అంటున్నాడు.''

అతను చెప్పిన విశ్వవిద్యాలయం పేరు జాబితాలో వెతికారు. పేరుంది. అతను చెప్పిన కోర్సూ ఉంది. కాకపోతే అనుమతి దూరవిద్యకు మాత్రమే, అదీ వాళ్ల రాష్ట్రం వరకే. బెంజి సర్కిల్ బోర్డుకు దాంతో ఏ సంబంధమూ లేదు.

''చూశావా, అబద్ధమంతా అబద్ధంలా ఉండదు. ముప్పావు వంతు నిజమే ఉంటుంది. మనం మునిగేది మిగిలిన పావులో'' అన్నాడాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

తర్వాత ఇద్దరూ కలిసి ఆన్‌లైన్ అనుమతి ఉన్నవి మూడు చూశారు. ఫీజులు ఒక కాగితం మీద రాసుకున్నారు. సగం తగ్గింపు ఎక్కడా లేదు. వాయిదాల్లో కట్టే వీలు ఒకచోట ఉంది. రెండేళ్లు పడుతుంది. ఏడాది కాదు, రెండేళ్లు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, తన ఫోనులో తనే వివరాలు నింపి ఐడీ తయారుచేసుకుంది.

వంటింట్లోంచి అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

''మరి పరీక్షలెప్పుడమ్మా? ముందే చెప్పు. ఆ రోజుల్లో పాపను నేను చూసుకుంటాలే.''